వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. హన్మకొండలో మా ఇంట్లో బాపు కొన్న పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటుంది, దాని వాల్యూమ్ నాబ్‌తో ఏళ్లకేళ్లు కుస్తీ పట్టీ పట్టీ ఈ పని ఒంటబట్టింది. తర్వాత చిన్నాయన హోమ్ థియేటర్, పక్కింటి వదిన వాళ్ల అసెంబుల్డ్ సెట్టు, ఇట్లా ఒక్కొక్కటీ మా బల్ల మీదికి రావడం మొదలైంది. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమంటోంది. అసలు లోపల ఏమవుతోంది?

నాబ్ వెనకాల ఉండే ఆ చిన్న డబ్బాను షాపుల్లో "కంట్రోల్" అంటారు, కొందరు "పాట్" అంటారు. దాని లోపల గుర్రపు నాడా ఆకారంలో ఒక నల్లటి కార్బన్ పట్టీ ఉంటుంది. మీరు నాబ్ తిప్పితే సన్నటి లోహపు వేళ్లు ఆ పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతాయి, వేళ్లు ఎక్కడ ఆగితే అంత సౌండ్ ముందుకు పోతుంది. స్టీరియో సెట్టులో ఒకే కడ్డీకి ఇలాంటి పట్టీలు రెండు ఉంటాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.

పట్టీ మీద దుమ్ము చేరినా, వేళ్ల మీద చిలుము పట్టినా, ఆ వేళ్లు పట్టీని ఒక క్షణం వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి. ఆ వదలడం, పట్టుకోవడమే మీకు స్పీకర్లో గరగర. దుమ్ముకి మన దగ్గర కరువా? ఎనుమాముల మార్కెట్‌కి పత్తి బండ్లు వచ్చే రోజుల్లో మా బంధువుల ఇంట్లో ఆంప్లిఫయర్ మూత తెరిస్తే లోపల దూది పొరలా పేరుకుని ఉంటుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, గోదావరిఖనిలో, భూపాలపల్లిలో బొగ్గు నుసి. బొగ్గు నుసి ఇంకా చెడ్డది, అది కరెంటు పోనిచ్చే దుమ్ము.

గరగర నాబ్ నుంచే వస్తోందని తెరవకుండా ఎట్లా తెలుస్తుంది?

పాట ఆపేయండి, సెట్టు ఆన్‌లోనే ఉండాలి. నాబ్ మెల్లగా తిప్పండి. తిప్పినప్పుడే చప్పుడు వచ్చి, చెయ్యి తీస్తే ఆగిపోతే కంట్రోల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. చెయ్యి పెట్టకపోయినా చిటపటలాడుతుంటే అది వేరే కథ, లోపల ఎక్కడో సోల్డర్ వదులైంది లేదా ట్రాన్సిస్టర్, ఐసీ ఏదో పోతోంది. ఒకే చోట గుర్రుమని ఆగకుండా హమ్ వస్తుంటే కూడా నాబ్‌ని తిట్టకండి, ముందు వెనకాల పెట్టిన ఆర్‌సీఏ వైర్లు పీకి మళ్లీ గట్టిగా పెట్టండి.

ఇంకొకటి. ఫోన్‌ నుంచి ఆక్స్‌లో పెట్టినప్పుడు గరగర వస్తే, ఎఫ్‌ఎం పెట్టి కూడా చూడండి. ఆకాశవాణి వరంగల్ శుభ్రంగా వినిపిస్తూ ఫోన్ పాటకే చప్పుడు వస్తుంటే మీ కంట్రోల్ బాగానే ఉంది, ఫోన్ వైరు పిన్ను చూసుకోండి.

ఒకవైపు స్పీకర్ పోతోంది, నాబ్ కదిలిస్తే మళ్లీ వస్తోంది. కంట్రోలేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఇక్కడే చాలామంది తొందరపడి కంట్రోల్ మార్పించేసి డబ్బులు పోగొట్టుకుంటారు.

ముందు ఆంప్లిఫయర్ వెనకాల స్పీకర్ వైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి, సెట్టు ఆఫ్ చేసే మార్చండి. మార్చాక కూడా అదే స్పీకర్ మూగబోతుంటే స్పీకరో, వైరో. ఇప్పుడు రెండో స్పీకర్ మూగబోతుంటే లోపం ఆంప్లిఫయర్ లోపల. అప్పుడు బ్యాలెన్స్ నాబ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక ఇరవై సార్లు తిప్పండి, దాన్ని ఎవరూ ముట్టరు కాబట్టి అదే ముందు చిలుము పడుతుంది. పాత సెట్టుల్లో టేప్ మానిటర్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని కూడా పదిసార్లు నొక్కండి. క్యాసెట్లు పోయి ఎంత కాలమైంది, కానీ సౌండ్ మొత్తం ఇప్పటికీ ఆ స్విచ్ లోంచే దూరి వెళ్తుంది.

వీటితో కుదరకపోతే ఈ గుర్తు చూడండి. తక్కువ సౌండ్‌లో ఒకవైపు చచ్చిపోయి, ఒక్కసారి సౌండ్ బాగా పెంచగానే "టప్" మని బతికి, ఆ తర్వాత తగ్గించినా కాసేపు పనిచేస్తుంటే అది వాల్యూమ్ కంట్రోల్ కాదు. అది స్పీకర్ రిలే, అంటే స్పీకర్లని ఆంప్లిఫయర్‌కి కలిపే, కరెంటుతో నడిచే చిన్న స్విచ్. సెట్టు ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకి లోపల "టిక్" మంటుంది చూడండి, అదే. దాని కాంటాక్టుల మీద నల్లటి పొర పడితే తక్కువ కరెంటు దాటలేదు, ఎక్కువ కరెంటు వచ్చినప్పుడు పొర చిరిగి దాటుతుంది. చిన్నాయన సెట్టుకి ఒక షాపులో రెండుసార్లు వాల్యూమ్ కంట్రోల్ మార్చారు, రోగం అట్లాగే ఉంది. రిలే మార్చాక పోయింది.

నేను ఇంట్లోనే తెరవొచ్చా? షాక్ కొడుతుందా?

వారంటీ ఉంటే తెరవకండి.

లేకపోతే తెరవొచ్చు, కానీ ప్లగ్ పీకిన తర్వాతే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే గోడ నుంచి బయటికి రావాలి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండే బరువైన పాత సెట్టు అయితే పాట మోగుతుండగానే ప్లగ్ పీకండి, పాట మెల్లగా సన్నబడుతూ ఆగిపోతుంది, లోపలి పెద్ద కెపాసిటర్లలో ఉన్న కరెంటు అట్లా చాలావరకు ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఇంకో పావుగంట ఆగండి. తేలికగా ఉండే కొత్త సెట్టుల్లో ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై బోర్డు ఉంటుంది, దాంట్లో మెయిన్ కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, మన 230 వోల్టుల ఏసీ తిన్నగా డీసీగా మారితే వచ్చేది అంతే. ప్లగ్ పీకినా కాసేపు అది అక్కడే కూర్చుంటుంది. కరెంటు వైరు వచ్చి కలిసే ఆ బోర్డు జోలికి వెళ్లకుండా ముందు ప్యానెల్ పనే చూసుకోండి.

తాతల కాలం వాల్వు రేడియో అయితే మాత్రం దండం పెట్టి వదిలేయండి. తెలిసినవాళ్ల పని అది.

స్ప్రే ఏది కొట్టాలి? డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉంది.

ఉండనీయండి, గేటు బోల్టులకి పనికొస్తుంది. మామూలు నీలం డబ్బా డబ్ల్యూడీ-40 తుప్పు కోసం, నీళ్లు తోలడం కోసం చేసిన నూనె లాంటిది. కొట్టగానే గరగర పోతుంది, మీరు సంబరపడతారు, తర్వాత ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని ముద్దవుతుంది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ అని వేరే డబ్బా అమ్ముతుంది, అది పనికొస్తుంది. డబ్బా మీద పేరు చదివి కొనండి, షాపతను "అన్నీ ఒకటే అన్నా" అంటాడు, ఒకటి కావు.

అన్నిటికంటే బాగా పనిచేసేది డీఆక్సిట్ రకం, చిలుమును కరిగించి సన్నటి పొర కూడా మిగులుస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ చిన్న సీసా ఇల్లంతటికీ ఏళ్ల తరబడి వస్తుంది. మామూలు ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ ఏదైనా ఫర్వాలేదు, ప్లాస్టిక్‌కి హాని చేయదని రాసి ఉండాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా శుభ్రం చేస్తుంది కానీ ఆరాక పట్టీ మరీ పొడిగా మిగులుతుంది, వేళ్లు ఇంకా గీసుకుంటాయి.

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, కిరోసిన్, పెట్రోల్, శానిటైజర్: ఇవన్నీ మా బల్ల మీదికి వచ్చిన సెట్టుల్లో నేను ముక్కుతో కనిపెట్టినవే. పెట్రోల్ పోసినాయన అదృష్టం బాగుండి అప్పుడు సెట్టు ఆన్ చేయలేదు.

సరే, స్ప్రే ఎట్లా కొట్టాలి?

ముందు నాబ్ తీయండి. చాలావాటికి నాబ్ ఊరికే లాగితే వస్తుంది, రాకపోతే పక్కన చిన్న స్క్రూ ఉందేమో చూడండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయకండి, ప్యానెల్ మీద గాటు పడుతుంది. నాబ్ కింద నుంచి పాత గుడ్డ పేలిక చుట్టి రెండు వైపులా సమంగా లాగితే వచ్చేస్తుంది.

కానీ స్ప్రే నాబ్ వైపు నుంచి కొట్టకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. ఆ కడ్డీ చుట్టూ చిక్కటి గ్రీజు ఉంటుంది, నాబ్ మెత్తగా, బరువుగా తిరిగే ఆ హాయి దాని వల్లే. స్ప్రే పడితే అది కరిగి పట్టీ మీదికి జారుతుంది, నాబ్ లొడలొడలాడుతుంది. మూత తెరిచి కంట్రోల్ వెనక వైపు చూడండి, పిన్నులు బయటికి వచ్చే చోట సన్నటి సందు ఉంటుంది. స్ప్రేతో వచ్చే ఎర్ర గొట్టం ఆ సందులో పెట్టి చుక్కంత కొట్టండి. స్టీరియో అయితే రెండు అరలకీ రెండుసార్లు. స్నానం చేయించాల్సిన పని లేదు.

కొట్టగానే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ముప్పై సార్లు తిప్పండి. స్ప్రే ఒక్కటే పని చేయదు, ఆ తిప్పడమే పని చేస్తుంది. అరగంట ఆరనిచ్చి, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేయండి. మూత తీశాం కదా అని బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ అన్నిటికీ అదే వైద్యం చేసేయండి, మళ్లీ మళ్లీ ఎవరు తెరుస్తారు.

స్ప్రే కొట్టా, వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ఇంకోసారి కొట్టాలా?

ఇంకోసారి కొట్టొచ్చు. మూడోసారి కూడా అవసరం పడితే ఆగండి, మీరు తప్పు చోట వైద్యం చేస్తున్నారు. పట్టీ అరిగిపోయి అయినా ఉండాలి, లేదా కంట్రోల్ మీదికి డీసీ కారుతూ ఉండాలి.

ఈ రెండోది నన్ను ఏడాది పాటు పరేషాన్ చేసింది. బాపు సెట్టుకి కొత్త కంట్రోల్ వేశా, గరగర పోలేదు. నకిలీది వచ్చిందేమో అనుకుని ఇంకోటి వేశా, అదే గరగర. కొత్త కంట్రోల్ కూడా మొదటి రోజు నుంచే గరగరమంటే కంట్రోల్‌ది తప్పు కాదని అప్పటికి నాకు తెలీదు. కంట్రోల్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది, పాటను వదిలి డీసీని ఆపడం దాని ఉద్యోగం. అది ముసలిదై లీకైతే డీసీ పట్టీ మీదికి వస్తుంది, అప్పుడు వేళ్లు కదిలిన ప్రతిసారీ ఆ డీసీ తెగి అతుక్కుని స్పీకర్లో బరబరమంటుంది. పట్టీ అద్దంలా శుభ్రంగా ఉన్నా బరబరమంటుంది.

మల్టీమీటర్ ఉంటే తేలిగ్గా పట్టొచ్చు. పాట లేకుండా సెట్టు ఆన్ చేసి, మీటర్‌ని తక్కువ డీసీ వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల వైరు గ్రౌండ్‌కి (సెట్టులో సున్నా వోల్టుగా లెక్కించే చోటు), ఎర్ర వైరు కంట్రోల్ పిన్నులకి ఒక్కొక్కదానికీ తాకించండి. దాదాపు సున్నా చూపించాలి. పదుల మిల్లీవోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. లోపలికి పాట వచ్చే పిన్ను మీద ఉంటే ముందున్న కెపాసిటర్, మధ్య పిన్ను మీదే ఉంటే తర్వాతది. సాధారణంగా 1 నుంచి 10 మైక్రోఫారడ్ మధ్యలో చిన్న ఎలక్ట్రోలిటిక్ ఉంటుంది, అంతే విలువది, అంతే వోల్టు లేదా ఎక్కువ వోల్టుది వేయండి. గీత ఉన్న వైపు మైనస్, పాతది ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే పీకండి. మాకు రెండు చిన్న కెపాసిటర్లతో అయిపోయింది. ఆ పీకేసిన రెండు మంచి కంట్రోళ్లు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి.

సౌండ్ ఉన్నట్టుండి ఫుల్ అయిపోతోంది, నాబ్ తిప్పినా తగ్గట్లేదు!

వెంటనే ఆఫ్ చేయండి, స్పీకర్లు పోతాయి. కంట్రోల్‌కి ఒక వైపుకి మూడు పిన్నులుంటాయి: ఒకటి పాట వచ్చేది, మధ్యది పాట పోయేది, మూడోది గ్రౌండ్. ఆ గ్రౌండ్ పిన్ను ఊడిందంటే తగ్గించడానికి ఇంకేం మిగల్లేదు, వచ్చిందంతా ముందుకే పోతుంది. నాబ్‌ని పట్టుకుని అటూ ఇటూ ఊపే పిల్లలుండే ఇళ్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే బోర్డుకి అతికిన పిన్నుల మీదే ఆ బలమంతా పడుతుంది. మా అన్న కూతురు నిద్రపోతుండగా రాత్రి పదకొండింటికి బతుకమ్మ పాట ఫుల్ సౌండ్‌లో మోగి వాడకట్టంతా లేచింది.

భూతద్దం పెట్టి పిన్నుల దగ్గర సోల్డర్ చూడండి, పిన్ను చుట్టూ సన్నటి ఉంగరం లాంటి పగులు కనిపిస్తుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కాస్త కొత్త సోల్డర్ వేసి కరిగిస్తే అయిపోతుంది. కంట్రోల్‌ని ప్యానెల్‌కి పట్టి ఉంచే నట్టు వదులైతే అది కూడా బిగించండి, లేకపోతే నెలలో మళ్లీ ఊడుతుంది.

నాబ్ సున్నాలో ఉన్నా సన్నగా పాట వినిపిస్తోంది.

చెవి స్పీకర్‌కి ఆనిస్తే వినిపించేంత అయితే పట్టించుకోకండి. గదిలో కూర్చుంటే మాటలు అర్థమయ్యేంత వినిపిస్తే పై ప్రశ్నలోని గ్రౌండ్ పిన్నే.

తక్కువ సౌండ్‌లో ఒకవైపే వినిపిస్తుంది, పెంచితే రెండూ సమానం అవుతాయి.

ఇది రోగం కాదు, పుట్టుక లోపం. రెండు పట్టీలు అచ్చు ఒకేలా తయారు చేయడం కష్టం, మొదట్లో ఉండే తేడా బాగా తెలుస్తుంది. నాబ్‌ని ఆ మొదటి భాగంలో వాడకుండా ఉండటమే ఉపాయం. ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెట్టి ఆంప్లిఫయర్ నాబ్ గీతని, గడియారం ముల్లులా చూస్తే, ఎనిమిది గంటల దగ్గర పెట్టి వింటున్నారా? ఫోన్‌లో కాస్త తగ్గించి ఆంప్లిఫయర్‌ని పదింటి దాకా తెచ్చుకోండి. పైసా ఖర్చు లేదు. పెంచాక కూడా తేడా పోకపోతే అప్పుడు పై స్ప్రే సంగతి చూడండి.

మా నాబ్ ఎంత తిప్పినా ఆగదు, గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పెంచితే తగ్గుతోంది, తగ్గిస్తే పెరుగుతోంది.

మీది వేరే జాతి. దాన్ని రోటరీ ఎన్‌కోడర్ అంటారు, మొదలూ చివరా ఉండవు, తిప్పితే చేతికి కటకట తెలుస్తుంది. దాంట్లోంచి పాట అసలు పోదు. రెండు కాంటాక్టులు ఒకదాని వెనక ఒకటి కలుస్తూ విడిపోతూ ఉంటాయి, ఏది ముందు కలిసిందో చూసి లోపలి చిప్పు "ఓహో పెంచమంటున్నాడు" అనుకుంటుంది. కాంటాక్టులకి మురికి పట్టి ఒక దెబ్బ తప్పిపోతే చిప్పు లెక్క తప్పి అటుది ఇటు అనుకుంటుంది. అందుకే స్పీకర్లో గరగర రాదు, అంకెలు మాత్రం 18, 19, 17, 22 అని పిచ్చిగా గెంతుతాయి.

రిమోట్‌తో సౌండ్ సరిగ్గా పెరిగి తగ్గుతుంటే ఎన్‌కోడరే పోయిందని ఖాయం. స్ప్రే దీనికీ పనిచేస్తుంది, కానీ ఎక్కువ కాలం నిలవదని నా అనుభవం. మార్చడమే మేలు. ఈసీ11 అనే రకం చాలా సెట్టుల్లో ఉంటుంది, ఒకవైపు మూడు పిన్నులు, నొక్కే స్విచ్ ఉంటే ఇంకోవైపు రెండు. ధర తక్కువ, పీకడమే కష్టం. కడ్డీ పొడవు చూసుకుని కొనండి, పొట్టిది తెస్తే నాబ్ లోపలికి మునిగిపోతుంది.

మాకు నాబ్ లేదు, బటన్లే. వానాకాలంలో సౌండ్ దానంతట అదే పెరిగిపోతోంది. దెయ్యమా?

తేమ. ఆ చిన్న బటన్ల లోపల తేమ, చిలుము చేరితే నొక్కకుండానే కొంచెం కొంచెం కరెంటు కారుతుంది. ఇంకో విచిత్రం కూడా ఇందుకే జరుగుతుంది: మీరు వాల్యూమ్ నొక్కితే అది ఆక్స్‌కి మారుతుంది. చాలా సెట్టుల్లో బటన్లన్నిటికీ ఒకే వైరు ఉంటుంది, ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టర్ పెట్టి, వచ్చిన వోల్టును బట్టి ఏది నొక్కారో చిప్పు పోల్చుకుంటుంది. కారే బటన్ ఆ వోల్టును మారుస్తుంది, చిప్పు ఇంకో బటన్ అనుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ గాలి కొడితే తాత్కాలికంగా తగ్గుతుంది. బటన్లు మార్పించండి, ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి.

రిమోట్ నొక్కితే నాబ్ దానంతట అదే తిరగాలి, తిరగట్లేదు.

లోపల చిన్న మోటారు, పళ్ల చక్రాలు ఉంటాయి. మోటారు చప్పుడు వినిపిస్తూ నాబ్ కదలకపోతే క్లచ్ జారుతోంది, చప్పుడే లేకపోతే మోటారో దానికి వచ్చే కరెంటో పోయింది. చేత్తో తిప్పుకోండి, ఆ క్లచ్ ఉన్నదే చేత్తో తిప్పినా మోటారుకి ఏమీ కాకుండా.

కొత్త కంట్రోల్ కొనాలంటే ఏమని అడగాలి?

పాతది పీకి చేతిలో పట్టుకెళ్లడం అన్నిటికంటే మంచి ఉపాయం. దాని మీద 50కె, 100కె అని గానీ, 503, 104 అని గానీ ఉంటుంది. 104 అంటే పది పక్కన నాలుగు సున్నాలు, లక్ష ఓములు, అంటే 100కె. 503 అంటే 50కె. దాని పక్కన ఏ అనే ఇంగ్లిష్ అక్షరమో, బీ అనో ఉంటుంది, అసలు ముఖ్యం అదే. జపాన్ పద్ధతిలో ఏ అంటే లాగ్ (మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరిగేది), బీ అంటే లీనియర్ (మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా పెరిగేది). వాల్యూమ్‌కి కావాల్సింది లాగ్, బ్యాలెన్స్‌కి లీనియర్. పాత యూరప్ పార్టుల మీద ఈ అక్షరాలు తారుమారుగా ఉంటాయి కాబట్టి మీటర్ పెట్టి చూసుకోండి: నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి గ్రౌండ్ పిన్నుకీ మధ్య పిన్నుకీ నడుమ కొలిస్తే, 50కె లీనియర్‌కి 25కె దగ్గర, లాగ్‌కి 5 నుంచి 7.5కె దగ్గర చూపిస్తుంది.

పిన్నులు లెక్కపెట్టండి. స్టీరియోకి ఆరు. ఎనిమిది ఉంటే ఆ రెండూ లౌడ్‌నెస్ (తక్కువ సౌండ్‌లో బాస్ పెంచే ఏర్పాటు) కోసం అదనంగా తీసినవి, అది మామూలుగా దొరకదు. కడ్డీ పళ్లు పళ్లుగా ఉందా, ఒకవైపు చెక్కినట్టు ఉందా కూడా చూసుకోండి.

మన ఊళ్లో చిన్న షాపుల్లో లీనియరే చేతిలో పెడతారు, లాగ్ కావాలంటే "ఏదైనా ఒకటే" అంటారు. నాకు నచ్చినవి దొరకనప్పుడు పట్నం పోయినవాళ్లతో తెప్పించుకుంటా, కోఠిలో గుజరాతీ గల్లీలో వెతికితే దొరుకుతాయి. కాజీపేటలో రైలెక్కితే పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు, మంచిర్యాల, పెద్దపల్లి వాళ్లకి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. ఒక్క కంట్రోల్ కోసం రైలెక్కడం ఏంటని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

కొత్తది వేశాక కొంచెం తిప్పితేనే చెవులు పగిలిపోతున్నాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా తేడా లేదు.

లీనియర్ వేశారు. మన చెవి సౌండ్‌ని లెక్క ప్రకారం వినదు, రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పవర్ రెట్టింపు కాదు, చాలా ఎక్కువ పెరగాలి. లాగ్ పట్టీ ఆ చెవికి తగ్గట్టు మొదట్లో నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరుగుతుంది. లాగ్ దొరకకపోతే ఒక చిట్కా ఉంది: 100కె లీనియర్‌కి మధ్య పిన్నుకీ గ్రౌండ్ పిన్నుకీ నడుమ 10కె లేదా 15కె రెసిస్టర్ వేయండి, రెండు వైపులా ఒకే విలువది. అచ్చం లాగ్ కాదు గానీ వదిన వాళ్ల సెట్టుకి అదే వేశా, ఇప్పటి దాకా ఫిర్యాదు లేదు.

కుడికి తిప్పితే తగ్గుతోంది?

చివరి రెండు పిన్నులు తారుమారు. కడ్డీ మీ వైపు, పిన్నులు కిందికి పెట్టి చూస్తే ఎడమది గ్రౌండ్, మధ్యది బయటికి, కుడిది లోపలికి.

షాపులో "బోర్డు మొత్తం మార్చాలి" అంటున్నారు.

వాల్యూమ్ గరగర ఒక్కటే రోగమైతే నేను ఒప్పుకోను. "అన్నా, కంట్రోల్ కడిగి చూశారా, కప్లింగ్ కెపాసిటర్ మీద డీసీ చూశారా" అని మెల్లగా అడగండి. ఈ మాటలు తెలిసినవాడు వచ్చాడంటే మాట్లాడే తీరు మారుతుంది. మార్చిన పాత పార్టు తిరిగి ఇమ్మనండి. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: కొన్ని కొత్త సెట్టుల్లో వాల్యూమ్, బ్లూటూత్, డిస్‌ప్లే అన్నీ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి, దాంట్లో ఒక్క పార్టు మార్చడానికి పట్టే రెండు గంటల పని కంటే ఆ బోర్డే చవక పడుతుంది. అప్పుడు అతను చెప్పిందే నిజం.

నాబ్ ఎంత దాకా తిప్పొచ్చు? చివరి దాకా తిప్పితేనే కదా ఫుల్ పవర్?

కాదు. సీడీ ప్లేయర్ నుంచి దాదాపు 2 వోల్టులు వస్తాయి, అలాంటి గట్టి సిగ్నల్‌కి చాలా ఆంప్లిఫయర్లు పన్నెండు, ఒంటిగంట దగ్గరే తమ శక్తంతా పెట్టేస్తాయి. ఆ పైన తిప్పితే సౌండ్ పెరగదు, పగులుతుంది, ఆ పగిలిన సౌండ్‌కే ట్వీటర్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) కాలిపోతాయి. ఫోన్ నుంచి తక్కువ వస్తుంది కాబట్టి ఇంకాస్త పైకి తిప్పాల్సి రావచ్చు. అంకె చూడకండి, చెవితో వినండి.

మళ్లీ గరగర రాకుండా ఏం చేయాలి?

వారానికోసారి ఆఫ్‌లో ఉన్నప్పుడు నాబ్‌లన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పండి. వాడనప్పుడు గుడ్డ కప్పండి, ఆన్‌లో ఉన్నప్పుడు తీసేయండి, లేకపోతే వేడికి లోపల ఉడుకుతుంది, మన ఎండాకాలంలో అసలే. వెనక పెద్ద రంధ్రాలుంటే సన్నటి జాలీ అతికించండి, బల్లి దూరి బోర్డు మీద చచ్చిపోయిన సెట్టు ఒకటి చూశా, ఆ వాసన చెప్పలేను.

బాగా పాత సెట్టు, ఎనిమిది పిన్నుల కంట్రోల్, ఎక్కడా దొరకట్లేదు. పారేయాలా?

పారేయకండి. బాపు సెట్టుది కూడా అదే బాపతు. కెపాసిటర్లు మార్చాక నేను వేసిన ఆరు పిన్నుల కంట్రోల్‌తో గరగర పోయింది గానీ లౌడ్‌నెస్ స్విచ్ పనిచేయడం మానేసింది, బాపుకి నచ్చలేదు. చివరికి పాత కంట్రోల్‌నే బాగు చేశా.

పీకి బల్ల మీద పెట్టి చూస్తే, వెనక రేకుని పట్టి ఉంచే నాలుగు చిన్న చెవులు కనిపిస్తాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తండి, ఒక్కసారి వంచితే ఫర్వాలేదు, రెండు మూడు సార్లయితే విరుగుతాయి. విప్పే ప్రతి దశకీ ఫొటో తీసుకోండి. లోపల పట్టీ మీద వేళ్లు రోజూ తిరిగిన చోట మెరిసే చార కనిపిస్తుంది, అదే అరిగిన దారి. ఐసోప్రొపైల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో పట్టీని తుడవండి, గీకకండి. తర్వాత సూది మొనతో ఆ లోహపు వేళ్లని వెంట్రుకవాసి పక్కకి వంచండి, అరిగిన చార మీద కాకుండా దాని పక్కన తాజా కార్బన్ మీద నడిచేలా. వేళ్లు పట్టీకి కాస్త ఒత్తుకునేలా ఉండాలి, మరీ ఒత్తుకుంటే కొత్త దారీ త్వరగా అరుగుతుంది. చుక్క డీఆక్సిట్ వేసి మూసేయండి.

నాకు రెండు సాయంత్రాలు పట్టింది, మొదటి రోజు ఒక చెవి విరగ్గొట్టుకున్నా, దాని బదులు రేకు మీద అంచున చిన్న సోల్డర్ బొట్టు పెట్టా. ఇప్పుడు లౌడ్‌నెస్ పనిచేస్తోంది. తొమ్మిది గంటల దగ్గర ఒక చిన్న "టిక్" మాత్రం మిగిలింది, బాపు దాన్ని దాటే పెట్టుకుంటాడు.